స్టీరింగ్ కాలమ్ విప్పడం వెనక ఉన్న విజ్ఞానం

కారులోంచి స్టీరింగ్ కాలమ్‌ను బయటికి తీయడానికి పెద్ద సామానేమీ అక్కర్లేదు. నాలుగైదు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, ఒక గడియారం, కాస్త తెల్ల పెయింటు ఉంటే చాలు. పానాలెందుకో అందరికీ తెలుసు. గడియారం, పెయింటు ఎందుకో తెలిస్తే, డ్రైవరు ఛాతీకి ఎదురుగా నిలబడి ఉండే ఆ రెండడుగుల ఇనుప గొట్టంలో ఎంత ఆలోచన దాగి ఉందో అర్థమవుతుంది. తీయకూడని సుత్తి గురించి కూడా చెప్పుకోవాలి.

ఈ విషయం మాట్లాడుకోవడానికి జంషెడ్‌పూర్ కన్నా తగిన ఊరు తక్కువ. 1907లో పుట్టిన టాటా ఉక్కు సంస్థ 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మను పోసింది. 1945లో రైలింజన్ల తయారీకి ఏర్పడిన టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కద్మాలో, బిష్టుపూర్‌లో, టెల్కో కాలనీలో నేటికీ ఉన్నాయి. ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. అక్కడ బండి విడిభాగాలు చేసే కార్ఖానాలు వరుసగా కనిపిస్తాయి. బండిని విప్పి చూడటం ఈ ఊరివాళ్ళకు కొత్త కాదు. అయితే చేయి తిరిగిన పాతకాలపు మెకానిక్‌కు కూడా నేటి స్టీరింగ్ కాలమ్ వేరే వస్తువే.

గడియారం ఎందుకు?

మొదటి పని బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయడం. రెండో పని ఏమీ చేయకుండా కూర్చోవడం. కంపెనీని బట్టి ఒక నిమిషం నుంచి పది నిమిషాల దాకా ఆగమని సర్వీసు పుస్తకంలో రాసి ఉంటుంది.

ఎందుకంటే స్టీరింగ్ చక్రం మధ్యలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. మనదేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. గుద్దుకున్న క్షణంలో బ్యాటరీ నలిగిపోయినా ఎయిర్‌బ్యాగ్ పనిచేయాలి కదా! అందుకని దాని నియంత్రణ పెట్టెలో ఒక కెపాసిటర్ విద్యుత్తును దాచి ఉంచుతుంది. బ్యాటరీ తీగ తీసేసినా ఆ నిల్వ కాసేపు అలాగే ఉంటుంది. అది మెల్లగా ఖాళీ అయ్యేదాకా ఆగడమే మన పని. ఎయిర్‌బ్యాగ్ నిండటానికి పట్టేది సుమారు 30 మిల్లీ సెకన్లు, అంటే రెప్పపాటు కన్నా తక్కువ. చేతులు వెనక్కి తీసుకునే అవకాశమే ఉండదు.

బయటికి తీసిన ఎయిర్‌బ్యాగ్‌ను మెత్తటి మూత పైకి ఉండేలా బల్లమీద పెట్టాలి. బోర్లా పెడితే, పొరపాటున పేలినప్పుడు ఆ మొత్తం రాకెట్‌లా పైకి లేస్తుంది. దాని తీగలకు మల్టీమీటర్ పెట్టి నిరోధం కొలవడం మరీ ప్రమాదం. మీటర్ పంపే చిన్న కరెంటు కూడా ఇగ్నైటర్‌ను రగిలించవచ్చు. ‘తీగ బాగుందో లేదో చూద్దాం’ అనే అలవాటును ఇక్కడ వదులుకోవాల్సిందే.

చక్రం తీశాక క్లాక్ స్ప్రింగ్ కనిపిస్తుంది. పేరుకు స్ప్రింగ్, నిజానికి చుట్టగా చుట్టిన పలుచని రిబ్బన్ తీగ. తిరిగే చక్రానికీ కదలని కాలమ్‌కూ మధ్య కరెంటు తెగకుండా చూసేది ఇదే. చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే ఎన్ని చుట్లు పడతాయో, అంతకు కొద్దిగా మాత్రమే ఎక్కువ పొడవు దీనికి ఇస్తారు. కింద షాఫ్ట్ విప్పాక ఎవరైనా సరదాగా చక్రాన్ని గిరగిరా తిప్పితే, ఆపే అడ్డు లేక ఆ రిబ్బన్ తెగుతుంది. హారన్ మోగదు, అది తెలిసిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ కూడా పనిచేయదన్న సంగతి చెప్పేది డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం ఒక్కటే.

పెయింటు గుర్తు

కాలమ్ కింది చివర నుంచి ఇంజను గదిలోని గేరుపెట్టె దాకా ఒక మధ్య షాఫ్ట్ ఉంటుంది. దాని రెండు కొనల్లో యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. మెకానిక్‌లు ‘క్రాస్’ అంటారు. ఈ షాఫ్ట్‌ను గాడుల మీద నుంచి లాగేముందు రెండు ముక్కల మీదుగా ఒక తెల్ల గీత గీయాలి. బిగించేటప్పుడు గీతలు కలవాలి.

కలవకపోతే ఏమవుతుంది? షాఫ్ట్ చుట్టూ 36 గాడులు ఉన్నాయనుకుందాం. 360ని 36తో భాగిస్తే 10. ఒక్క గాడి తప్పితే బండి తిన్నగా వెళ్తున్నప్పుడు చక్రం పది డిగ్రీలు వంకరగా ఉంటుంది. ఇది కంటికి కనిపించే తప్పు కాబట్టి ఫరవాలేదు.

కనిపించని తప్పు ఇంకొకటుంది. వంచి బిగించిన ఒక్క యూనివర్సల్ జాయింట్ తిప్పుడును సమానంగా అందించదు. ఇవతలి షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతున్నా అవతలిది ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని, రెండుసార్లు నెమ్మదిస్తుంది. వంపు 30 డిగ్రీలైతే ఆ వేగం 0.87 రెట్ల నుంచి 1.15 రెట్ల దాకా ఊగుతుంది. దీనికి విరుగుడు రెండో జాయింట్. రెండింటి వంపులూ సమానంగా ఉండి, మధ్య షాఫ్ట్‌కు రెండు చివరలా ఉన్న ఫోర్కులు ఒకే తలంలో ఉంటే, మొదటిది చేసిన తేడాను రెండోది సరిచేస్తుంది. ఆ ఫోర్కులు ఒకదానికొకటి 90 డిగ్రీలు తిరిగి బిగిస్తే విరుగుడు కాస్తా విషమవుతుంది: తేడా 0.75 నుంచి 1.33 రెట్ల దాకా పెరుగుతుంది. మలుపులో స్టీరింగ్ కాసేపు బరువుగా, కాసేపు తేలిగ్గా తగులుతుంది. డ్రైవరు టైర్లలో గాలి చూపించుకుంటాడు, అలైన్‌మెంట్ చేయిస్తాడు. తప్పు మాత్రం పెడల్స్ వెనక చీకట్లో ఉంటుంది.

సుత్తి ఎందుకు వద్దు?

ఉక్కు ఎంత గట్టిదైతే అంత మంచిదని ఉక్కు నగరంలో ఎవరికైనా అనిపించవచ్చు. స్టీరింగ్ కాలమ్ దగ్గర ఆ లెక్క తలకిందులవుతుంది.

పాత కార్లలో కాలమ్ ఒకటే తిన్నని ఇనుప కడ్డీ. ముందు నుంచి గుద్దుకున్నప్పుడు గేరుపెట్టె వెనక్కి జరిగి, కడ్డీ ఈటెలా డ్రైవరు ఛాతీ మీదికి వచ్చేది. దీన్ని మార్చాలని ఇంజనీర్లు చాలాకాలం ప్రయత్నించారు. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేని సురక్షిత కాలమ్‌కు పేటెంట్ పొందాడు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1967 మోడల్ కార్లలో నలిగే కాలమ్ ప్రవేశపెట్టింది. 1968 జనవరి నుంచి అక్కడ అది చట్టమైంది. ఆ చట్టం ప్రకారం, గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దినా కాలమ్ 127 మిల్లీమీటర్లకు మించి వెనక్కి రాకూడదు. 24 కిలోమీటర్ల వేగంతో మొండెం ఆకారపు దిమ్మ చక్రాన్ని తాకితే, దాని మీద పడే బలం సుమారు 11,100 న్యూటన్లు దాటకూడదు.

ఈ రెండో అంకెను ఒకసారి లెక్కవేసి చూద్దాం. దిమ్మ బరువు 35 కిలోలు. గంటకు 24 కిలోమీటర్లంటే సెకనుకు 6.7 మీటర్లు. దాని గతిశక్తి సుమారు 780 జౌళ్ళు. కాలమ్ ఒక్క సెంటీమీటరు మాత్రమే జరిగి ఆగితే ఛాతీ మీద సగటు బలం 78,000 న్యూటన్లు. అదే కాలమ్ పది సెంటీమీటర్లు నలుగుతూ ఆగితే 7,800. ప్రాణానికి కావలసింది ఆ తొమ్మిది సెంటీమీటర్లే. ఇలాంటి కాలమ్‌ల వల్ల ముందునుంచి జరిగే ప్రమాదాల్లో డ్రైవర్ల మరణాలు సుమారు 12 శాతం తగ్గాయని అమెరికా రహదారి భద్రతా సంస్థ 1981లో అంచనా వేసింది.

అలా నలగడానికి గొట్టంలో గొట్టం దూరేలా చేసి, మామూలు వాడకంలో జారకుండా చాలా కార్లలో చిన్న ప్లాస్టిక్ మేకులతో పట్టి ఉంచుతారు. కాలమ్‌ను డాష్‌బోర్డు కింది దూలానికి కలిపే చోట కూడా, తగినంత దెబ్బకు ఊడివచ్చే బిళ్ళలు ఉంటాయి. ఇప్పుడు చెప్పండి: తుప్పుపట్టిన షాఫ్ట్ రాకపోతే పైనుంచి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే ఏం జరుగుతుంది? ప్రమాదంలో తెగవలసిన మేకులు గ్యారేజీలోనే తెగుతాయి. కాలమ్ కొద్దిగా కుంగుతుంది, లేదా వదులై గలగలమంటుంది. దానికి వెల్డింగ్ పెట్టించేవారు ఉన్నారు! పైకి బాగుపడినట్టే ఉంటుంది, నిజానికి నలిగే కాలమ్ మళ్ళీ పాతకాలపు ఈటె అయిపోతుంది. వంగిన బ్రాకెట్‌ను తిన్నగా సాగదీయడమూ ఇదే కోవలోకి వస్తుంది. కాలమ్‌ను బాగుచేయరు, మారుస్తారు.

నేటి చిన్న కార్లలో మరో చిక్కు. పవర్ స్టీరింగ్ మోటారు కాలమ్ మీదే కూర్చుంటుంది. ఈ పద్ధతి 1988లో సుజుకీ సెర్వోతో మొదలైంది. కాలమ్ లోపల సన్నని కడ్డీ ఒకటి మన చేతి బలానికి కొద్దిగా మెలిపడుతుంది. ఆ మెలిని కొలిచి మోటారు ఎంత సాయం చేయాలో కంప్యూటరు తేలుస్తుంది. కాలమ్ మార్చాక స్కానర్‌తో ‘సున్నా ఎక్కడ’ అని దానికి మళ్ళీ నేర్పాలి. నేర్పకపోతే వదిలేసిన చక్రం ఒక పక్కకు లాగవచ్చు.

ఇంత ఇబ్బంది దేనికి, కాలమ్‌నే తీసేస్తే పోలేదా? ఆ పనీ జరుగుతోంది. 2013లో ఇన్‌ఫినిటీ క్యూ50 కారు చక్రం తిప్పుడును తీగల ద్వారా పంపింది. అయినా ధైర్యం చాలక కాలమ్‌ను అలాగే ఉంచి, అవసరమైతే క్లచ్‌తో కలిసేలా చేశారు. 2023 చివర్లో వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్‌లో చక్రానికీ టైర్లకూ మధ్య యాంత్రిక బంధమే లేదు. విమానాల్లో ఇది పాత సంగతే. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన మన తేజస్‌ను నడిపేది తీగల్లోని సంకేతాలే. ఒకటి చెడితే మరొకటి ఉండాలని అందులో నాలుగు మార్గాలు పెట్టారు.

మన రోడ్ల మీద మాత్రం కాలమ్ ఉన్న కార్లే ఇంకా చాలా ఏళ్ళు తిరుగుతాయి. పాత కారు కొంటున్నప్పుడు తాళం తిప్పి ఎయిర్‌బ్యాగ్ దీపాన్ని గమనించండి. అది కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోయినా, అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే. తర్వాత తిన్నని రోడ్డు మీద చక్రం మధ్యలో ఉందో లేదో చూసి, కింద పెడల్స్ వైపు టార్చి వేయండి. కాలమ్ బ్రాకెట్ దగ్గర వెల్డింగ్ మచ్చ గానీ సుత్తి దెబ్బల గుర్తు గానీ కనిపిస్తే ఆ బండి వద్దు.