కిటుకు తీగ పొడవులోనే ఉంది!



సూళ్లూరుపేటలో మిద్దె ఎక్కితే చాలు, పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట నుంచి లేచే రాకెట్టు కనిపిస్తుంది. 2005 మే 5న అలా లేచిన పి.ఎస్.ఎల్.వి.-సి6 కార్టోశాట్-1తోపాటు 42.5 కిలోల మరో చిన్న ఉపగ్రహాన్నీ మోసుకుపోయింది. దాని పేరు హామ్‌శాట్. లాభాపేక్ష లేకుండా, ఆసక్తితో సొంత రేడియో కేంద్రాలు నడిపేవారిని 'హామ్‌లు' అంటారు. ఆ ఉపగ్రహం వారి మాటల్ని 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో అందుకొని, 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో తిరిగి భూమికి పంపేది. 2014లో మూగబోయే దాకా అది పంపిన శక్తి సుమారు ఒక వాటు మాత్రమే! వందల కిలోమీటర్ల కింద అది ఎలా వినిపించింది? మంచి ఏంటెనా వల్లనే.

కొత్తవారు చాలామంది ఖరీదైన సెట్టు కొని, ఏంటెనాగా ఏదో ఒక తీగ కట్టేస్తారు. చెవిలో దూది పెట్టుకొని కచేరీకి వెళ్ళినట్లే!

ఊయలను దాని లయకు సరిపడా తోస్తే చిన్న తోపుకే పెద్ద ఊపు వస్తుంది కదా! తీగలోని ఎలక్ట్రాన్లూ అంతే. తీగ పొడవు తరంగదైర్ఘ్యంలో సగం ఉంటే అవి బాగా ఊగుతాయి. 300ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. అందులో సగానికి 150 చాలు. కాని తీగలో సుమారు 5 శాతం తగ్గించాలి కనుక 143తో లెక్క కడతారు. 7.1 మెగాహెర్ట్జ్‌కు 143 ÷ 7.1 = సుమారు 20 మీటర్లు. అంటే పదేసి మీటర్ల రాగితీగలు రెండు. వీటి మధ్య పింగాణీ బిళ్ళ కట్టి, కో-యాక్సియల్ కేబుల్ లోపలి తీగను ఒకదానికి, పై అల్లికను రెండోదానికి టంకం వేయాలి. రెండు కొసలనూ నైలాన్ తాళ్ళతో వీలైనంత ఎత్తున కట్టాలి. తీగను మొదట కాస్త పొడవుగానే ఉంచండి. తర్వాత కత్తిరించవచ్చు, అతికించడం కష్టం.

మన తీరంలో ఉప్పుగాలికి రాగి చిలుము పడుతుంది. అందుకే అతుకుల మీద రబ్బరు టేపు చుట్టాలి. వాననీరు కేబుల్ వెంట ఇంట్లోకి రాకుండా గోడ బయట దాన్ని కిందికి ఒక వంపు తిప్పండి.

ఇక ప్రాణానికి సంబంధించిన మాట. తెగిపడినా కరెంటు తీగలకు తగలనంత దూరంలోనే ఏంటెనా కట్టాలి. పెద్దలు తోడు లేనిదే కట్టవద్దు. ఉరుములు మొదలయ్యాక కేబుల్ ముట్టుకోవద్దు. మబ్బు పట్టకముందే ఊడదీయాలి.

ఇంత శ్రమ దేనికంటారా? తుపానుకు కరెంటు స్తంభాలు కూలి, సెల్ టవర్లు మూగబోయిన వేళ, 12 వోల్టుల బ్యాటరీ, చిన్న సెట్టు, ఈ రెండు తీగలు ఉంటే హామ్ వందల కిలోమీటర్ల దూరానికి కబురు పంపగలడు. అయితే ప్రసారం చేయాలంటే కేంద్ర ప్రభుత్వ పరీక్షలో నెగ్గి, లైసెన్సు తీసుకోవాలి. అప్పుడు 'వి.యు.' అక్షరాలతో మొదలయ్యే పిలుపు సంకేతం మీ సొంతమవుతుంది!

మీకో లెక్క: 14.2 మెగాహెర్ట్జ్‌కు ఎన్ని మీటర్ల తీగ కావాలి?