పది మీటర్ల జాగ చాలు

జాతరకు పోతే బుగ్గల దుకాణం కాడ ఆగని పోరగాడు ఉండడు. పైసలిచ్చి, గాలి తుపాకి భుజానికి ఆనిచ్చి, బుగ్గ పగిలితే ఈల ఏస్తడు. గదే పోరన్ని ‘షూటింగ్ పోటీలకు పోతవారా’ అని అడిగితే నవ్వుతడు. ‘అది పైసలున్నోళ్ల ఆట అన్నా’ అంటడు. ఇంట్ల అమ్మది ఇంకో మాట: ‘తుపాకి పేరెత్తకు బిడ్డా.’ ఆ భయం ఊకెనే రాలే. మన ఊర్లల్ల తుపాకి అంటే పోలీసోళ్లది, లేకుంటే అన్నలది. రెండు దిక్కులా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులున్న నేల ఇది. అందుకే ఈ ఆట ఏందో, ఎట్ల మొదలువెట్టాల్నో ఉన్నదున్నట్టు చెప్తున్న.

కొత్తోళ్లు షురూ చేయాల్సింది పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌తోని. దీంట్ల మందుగుండు ఉండదు. కుదించిన గాలి 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్‌ను తోస్తది. ఒక్క చేత్తోనే పట్టాలె. రెండో చెయ్యి జేబుల పెట్టుకుంటరు. పది పాయింట్ల గుండ్రం 11.5 మిల్లీమీటర్లే, అంటే చొక్కా గుండీ అంత. 33 అడుగుల దూరం నుంచి దాన్ని కొట్టాలె. 75 నిమిషాలల్ల 60 షాట్లు, మొత్తం 600 పాయింట్లు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వాలిఫికేషన్‌ల మను భాకర్ కొట్టింది 580. ఫైనల్ల కాంస్యం తెచ్చింది. ఆమెది హర్యానాల గోరియా అనే పల్లె.

చట్టం ముచ్చట. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కరలేదు. గుర్తింపు కార్డు చూపి, బిల్లు తీసుకొని కొనాలె. మందుగుండుతోని పేలే పిస్టల్ అట్ల కాదు, దానికి లైసెన్స్ ఉండాలె.

అయితే మొదలే కొనకుండ్రి. పోటీలకు పనికొచ్చే విదేశీ పిస్టల్ లక్షన్నర దాటుతది. అప్పు చేసి కొన్నంక ‘ఇది నాతోని కాదు’ అంటే ఇంటిల్లిపాదీ మునుగుతరు. శిక్షణ ఇచ్చే రేంజ్‌లల్ల పిస్టల్ వాళ్లే ఇస్తరు, ఫీజు కట్టి నేర్చుకోవచ్చు. కొన్ని నెలలు చేసి, స్కోరు పెరుగుతాందా లేదా చూస్కొని అప్పుడు ఆలోచన చేయుండ్రి.

రేంజ్‌కు పోకముందే ఇంట్ల చేసే పని మస్తుంది. పిస్టల్ బరువు దాదాపు ఒక కిలో. లీటర్ నీళ్ల సీసా పట్టుకొని, చెయ్యి చాపి, ముప్పై సెకండ్లు వణకకుండ నిలబడి చూడుండ్రి. ఉత్తరప్రదేశ్‌ల జోహ్రీ అనే ఊరి చంద్రో తోమర్ ఆరవై దాటినంక ఈ ఆట పట్టింది. మనుమరాలిని నేర్పియ్యనీకి తోలుకపోయి తనే షూటర్ అయింది. ఇంట్ల నీళ్ల జగ్గు పట్టుకొని చెయ్యి గట్టి చేసుకుందట.

ఇగ గురి. కొత్తోళ్లందరు చేసే తప్పు ఒక్కటే: నల్ల గుండ్రం దిక్కే చూస్తరు. చూపు పిస్టల్ ముందు మొనమీద ఉండాలె. గుండ్రం మసకగ కనవడ్డా పర్వాలే. వెనుక గాడిల ముందు మొన సరీగ నడుమ, రెండు పక్కల సమానమైన సందుతోని నిలవాలె. ట్రిగ్గర్‌ను గుంజొద్దు, మెల్లగ వెనక్కి ఒత్తాలె. పేలినంక కూడ రెండు సెకండ్లు చెయ్యి దించొద్దు.

జాగ్రత్తలు చెప్పకుంటే నాది తప్పయితది. ఖాళీగున్నా సరే, పిస్టల్ మనిషి దిక్కు తిప్పొద్దు. కొట్టేదాక వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దు. ‘స్టాప్’ అన్నరంటే అప్పటికప్పుడు ఆపాలె. పెల్లెట్లు సీసం, చేతులు కడుక్కోనిది అన్నం ముట్టొద్దు. పిట్టల్ని కొట్టుడు ఆట కాదు, అడివి జీవాలను కొడితే 1972 చట్టం కింద కేసయితది.

పోటీల తొవ్వ ఇట్లుంటది. క్లబ్బుల గాని, రైఫిల్ సంఘంల గాని సభ్యత్వం తీసుకొని రాష్ట్ర పోటీలకు పేరియ్యాలె. అక్కడ కనీస స్కోరు కొడితే మావలంకర్ పోటీలో, జోన్ పోటీలో, ఆ తర్వాత జాతీయ స్థాయి. హైదరాబాద్ బిడ్డ ఈషా సింగ్ 2018ల పదమూడేండ్లకే జాతీయ ఛాంపియన్ అయింది.

కానీ ఈషాకు రేంజ్ తన ఊర్లెనే ఉండె. ఆదిలాబాద్ పోరికి గచ్చిబౌలి దాదాపు మూడు వందల కిలోమీటర్లు. అసలు అడ్డం గిదే. తెలివి కాదు, బలం కాదు, దూరం. 2018 ఆసియా క్రీడలల్ల పదహారేండ్లకే స్వర్ణం కొట్టిన సౌరభ్ చౌదరి మీరట్ జిల్లా రైతు కొడుకు. చంద్రో తోమర్ జోహ్రీ ఊరు ఆ పక్క జిల్లా బాగ్‌పత్‌లది. ఆ దిక్కు పల్లెల నుంచి షూటర్లు ఎందుకు వస్తున్నరు? ఊర్లకు దగ్గర్ల రేంజ్‌లు పడ్డయి గనుక.

పది మీటర్ల రేంజ్‌కు కోట్లు అక్కరలేదు. ఒక పొడుగు హాలు, వెనుక మందం గోడ, మంచి లైట్లు, కాయితం టార్గెట్లు, నేర్పే ఒక కోచ్. జిల్లా స్టేడియంలల్ల అసొంటి గదులు తాళాలేసి ఉంటయి. నలుగురు దోస్తులు కూడి, జిల్లా క్రీడల అధికారికి దరఖాస్తు రాయుండ్రి. రసీదు తీసుకోండ్రి. జవాబు రాకుంటే సమాచార హక్కు కింద అడగుండ్రి. తుపాకి అంటే ఏడ్పే గుర్తుకొచ్చిన ఊర్లె, గదే పేరు మీద ఒక పతకం వస్తే మన తల్లుల గుండెల మీది బరువు కొంతన్న దిగుతది.