ఎదుగుచున్న ఆటగానిని కొలుచుట యెట్లు?

రేడియోలో ఆట వినువారు మొదట అడుగునది “స్కోరెంత?” అని. అంకె చెప్పుట మాకును సులభమే. కాని యువకుని యెదుగుదలను ఆ అంకె చెప్పజాలదు. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఇందుకు నిదర్శనము.

ఆ ఆటలో మైదానపు రెండు చివరలను నాలుగేసి స్తంభములుండును. కోలబంతిని నడిమి రెండింటి మధ్యనుండి తన్నినచో 6 పాయింట్లు. ప్రక్కసందున పోయినచో 1. స్తంభములయెదుట నిలిచి, ఎగిరి బంతిని పట్టి, గోలు చేయు బాధ్యత ముఖ్య ఫార్వర్డుది. వాని వీపున బలిష్ఠుడైన ప్రత్యర్థి ఆనుకొనియుండును. వానిని నిలువరించు బలము కుఱ్ఱవానికి ఒక్కయేట రాదు. తోడివారు బంతిని చక్కగా అందింపనిచో గోలులును తగ్గును.

1949లో ఎసెండన్ ఆటగాడు జాన్ కోల్మన్ తొలి ఆటలోనే 12 గోలులు చేసెను. అట్టివారు అరుదు. టామ్ హాకిన్స్ 2007లో, 18వ యేట, తండ్రి ఆడిన జీలాంగ్ జట్టుననే ప్రవేశించెను. ఆశలు మెండు. కాని ఒక సీజనులో 50 గోలులు దాటుటకు 2012 రావలసివచ్చెను. కోల్మన్ పేరిటి పతకము 2020లో, 32 ఏండ్ల వయసున లభించెను.

కావున మేము చూడదగినవని యెంచునవి వేఱు: బంతి వచ్చినపుడెల్ల పోటీకి చేరుచున్నాడా? తాను పట్టలేనిచో ప్రత్యర్థిని పట్టనీయక నేలకు దించుచున్నాడా? తప్పిన వెంటనే మరల పరుగెత్తుచున్నాడా? తన్నుటలో నిలుకడ కలదా? ఇవి ఏటేట మెరుగగుచున్నచో గోలులు వెనుక రాగలవు.

2024లో విరమించునాటికి హాకిన్స్ 359 ఆటలలో 796 గోలులు చేసెను. తొలి సీజనుల అంకెలు చూచి పంపివేసియుండినచో జీలాంగ్‌కు దక్కకపోయెడివి అవియే.