ఎర్రచందనం తోటకు బయానా ఇచ్చేముందు

కోడుమూరు: పొలంలో నిలిచిన ఎర్రచందనం చెట్లను చూపి, మాను లావు కొలిచి, బయానా ఇమ్మంటే వర్తకుడు ఏ లెక్కన ఇవ్వాలి? వేరుశనగ అయితే గుప్పెడు కాయ ఒలిస్తే పప్పు తేలుతుంది. ఈ సరుకులో ఆ వీలు లేదు.

విదేశీ గిరాకీ అంతా చేవకే. చుట్టూ ఉన్న తెల్లకర్రకు ఆ ధర రాదు. చేవలోనూ అల తేలినది ఒక సరుకు, గీత తిన్నగా ఉన్నది మరొక సరుకు. జపానులో షామిసెన్ వాద్యపు మెడకు ఈ కర్రను మేలైనదిగా ఎంచుతారు. వయొలిన్ వెనుకపలకకు వాడే మేపుల్ కర్రదీ ఇదే తీరు. అల ఉన్న పలకకే మంచి ధర. (మేపుల్ అనగానే మంచు దేశాల చెట్టనుకుంటాము గాని, మధ్యధరా తీరాన ఎండకు, రాతినేలకు ఓర్చే మేపుల్ జాతీ ఉన్నది.) ఎర్రచందనంలో అల ఉన్నదీ లేనిదీ చెట్టు కొట్టి చూస్తే గాని ఖాయంగా తేలదు.

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల రాతి వాలుల్లో ఈ చెట్టు సహజంగా పెరుగుతుంది. నీరు నిలిస్తే ఓర్వదు. కనుక నల్లరేగడిలో వేసిన తోటను వానల్లో ఒకసారి చూడడం మేలు. నీరు, ఎరువు పెట్టి పెంచిన మాను కంటికి నిండుగా ఉంటుంది; చేవ కూడా అంతే పెరిగిందనుకోరాదు.

పట్టుబడిన దుంగలను రాష్ట్ర ప్రభుత్వం 2014లో ఎలక్ట్రానిక్ వేలానికి పెట్టింది. అక్కడ గ్రేడు కట్టిన దుంగ ఎదుట ఉంటుంది. ఆ వేలంలో ఎ గ్రేడు పలికిన ధరను దలాలీలు నిలువు చెట్టుకు అంటగడితే నమ్మరాదు.

కాగితాల సంగతి మరీ ముఖ్యం. పట్టా భూమిలో పెరిగినదైనా నరకడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి తప్పదు. రవాణా నియమాలు 1969 నుంచీ ఉన్నవే. 1995లో ఈ చెట్టు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందపు రెండవ జాబితాకెక్కింది. సాగుభూమిలో పెరిగిన దుంగల ఎగుమతికి కేంద్రం 2019లో దారి ఇచ్చింది గాని, సరుకు సాగుదేనని రుజువు చూపాలి. కాబట్టి పాసుపుస్తకం, మొక్కలు కొన్న రసీదు, అడంగల్‌లో చెట్ల నమోదు రైతు వద్ద ఉన్నాయేమో మొదట అడగాలి.

అయినా బేరం కుదుర్చుకోదలచినవారు, గ్రేడు కట్టిన తరువాత చేవ తూకంపైనే లెక్క తేలేలా రాసుకోవాలి. అనుమతి జాప్యమైతే బయానా వడ్డీ ఎవరు మోయాలో కూడా అందులోనే రాయించుకోవాలి.