ఎపఫ్రొదితు బెంగ

బైబిల్లో ఇంటి మీద బెంగపెట్టుకున్నవాళ్లు ఎవరని సండేస్కూలు పిల్లల్ని అడిగితే బబులోను చెరలోని యూదులని ఠక్కున చెబుతారు. ఎపఫ్రొదితు పేరు ఎవరూ చెప్పరు. మేమూ చాలా ఏళ్లు చెప్పలేదు.

ఫిలిప్పీ సంఘం పోగుచేసిన కానుకను చేతబట్టుకుని, చెరలో ఉన్న పౌలు దగ్గరకు వెళ్లిన సోదరుడితడు. ఆ చెర సంప్రదాయం చెప్పినట్టు రోములోనిదే అయితే నేల మీదా, సముద్రం మీదా వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దారి. అక్కడ పరిచర్య చేస్తూ చావు అంచుదాకా జబ్బుపడ్డాడు. కోలుకున్నాడు గానీ, తన జబ్బు సంగతి ఊళ్లోవాళ్లకు తెలిసిందని విని మరింత కుమిలిపోయాడు. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో ఇదంతా ఉంది. అతని వేదనకు పౌలు వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో మూడుచోట్లే కనిపిస్తుంది. మిగతా రెండు చోట్లా అది గెత్సేమనే తోటలో ప్రభువు పడిన వేదనకు మత్తయి, మార్కు వాడిన మాట. మన తెలుగు బైబిల్లో వేర్వేరు మాటలు పడ్డాయి గనుక ఈ సంగతి కంటికి ఆనదు.

మా కంటికి ఆనడానికి ఒక కుర్రాడు కావలసివచ్చింది.

సూర్యాపేట నుంచి కోదాడ దాకా జాతీయ రహదారి పక్కన హోటళ్లకు కొదవలేదు. అలాంటి ఒక హోటల్లో టేబుళ్లు తుడిచే ఇరవై ఏళ్ల అబ్బాయి మా ఆరాధనకు మూడు వారాలు వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి ఐదు వందల కిలోమీటర్లకు పైగా వచ్చినవాడు. హోటల్ వెనక గదిలో నలుగురు కలిసి పడుకుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. బస్సులు ఆగినప్పుడు ఊపిరి సలపదు, వెళ్లిపోయాక తోచదు. ఆ తోచని వేళలోనే అమ్మకు ఫోన్ చేస్తాడు. ‘తిన్నావా’ అని ఆమె అడుగుతుంది. తినకపోయినా తిన్నానంటాడు.

మూడో ఆదివారం పలకరిస్తే, ‘ఇంటి మీద బెంగగా ఉందయ్యగారూ’ అన్నాడు. ఇక్కడివాళ్లు దాన్నే రంది అంటారు. మేము వెంటనే, ‘ప్రభువు తోడున్నాడు కదా నాయనా, బెంగపడటం అవిశ్వాసం, ప్రార్థన చేసుకో’ అన్నాం. తలూపాడు. మళ్లీ గుడికి రాలేదు.

సెమినరీలో గ్రీకు చదివినవాళ్లం మేము! ఇందులో ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. మా అబ్బాయి అమెరికాలో ఉద్యోగంలో చేరిన మొదటి క్రిస్మస్‌కు ఫోన్‌లో ఏడ్చాడు. అది అవిశ్వాసమని వాడితో అనలేదు. సంఘమంతటి చేతా వాడికోసం ప్రార్థన చేయించాం.

ఈ ప్రాంతానికి వలస కొత్త కాదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తరువాతి కాలంలో ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ పొలాలు పచ్చబడ్డాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఆ వరికోసమే వెలసిన మిర్యాలగూడ రైసుమిల్లుల్లో ఇప్పుడు బస్తాలు మోసే హమాలీలలో చాలామంది బీహారు యువకులు. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మంది వలస కూలీలతో మొదటి ప్రత్యేక రైలు కదిలింది. ఆ దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే నెల 8న బీహారులోని ఖగడియా నుంచి లింగంపల్లికే ఇంకో రైలు వచ్చింది. హోలీకి ఇంటికి వెళ్లి లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన రైసుమిల్లు కూలీలు రెండు వందల మందికి పైగా అందులో తిరిగి వచ్చారు. దేశమంతా ఇంటిదారి పడితే వీళ్లు ఇల్లు వదిలి మన ధాన్యం కోసం ఎదురు వచ్చారు. మంత్రులు పూలిచ్చి స్వాగతం పలికారు. వారిలో ఒక్కరి పేరైనా మన సంఘాల్లో ఎవరికి తెలుసు?

పౌలు ఎపఫ్రొదితును మందలించలేదు. తనకు చెరలో తోడు అవసరమే అయినా నిలుపుకోలేదు. సోదరుడనీ, తోటి సైనికుడనీ గౌరవంగా రాసి ఇంటికి పంపించాడు. పని వదిలి వచ్చాడని ఊళ్లో ఎవరైనా నొసలు ముడుస్తారేమోనని కాబోలు, సంతోషంతో చేర్చుకోమని కూడా రాశాడు. అతడు ఇల్లు చేరితే తన దుఃఖం తగ్గుతుందట! ఒక కుర్రాడి బెంగ అపొస్తలుడికీ బెంగ అయింది.

నెల గడిచాక ఆ హోటల్‌కు వెళ్లాం. అబ్బాయి లేడు. జ్వరం తగిలితే ఇంటికి పంపామని యజమాని చెప్పి నంబరిచ్చాడు. మాకన్నా ఆయనే పౌలు మాట విన్నట్టున్నాడు. బయట వేపచెట్టు కింద నిలబడి ఫోన్ చేశాం.

‘నేను ఆ రోజు అన్న మాట తప్పు బాబూ, మన్నించు’ అన్నాం. అవతల కాసేపు నిశ్శబ్దం. ‘అయ్యో, అదేంటయ్యగారూ’ అని కంగారుపడ్డాడు. జ్వరం తగ్గిందట, పండగ వెళ్లాక వస్తాడట. ఇంతలో వాళ్లమ్మ ఫోన్ అందుకుంది. మేమెవరమో అబ్బాయి పక్కనుంచి చెబుతున్నట్టు వినబడుతోంది. ఆమె మాత్రం అదేమీ పట్టించుకోకుండా మొట్టమొదట అడిగిన మాట, ‘బాబూ, మీరు తిన్నారా?’

మధ్యాహ్నం రెండయింది. తినలేదు. తిన్నామమ్మా అన్నాం.