బడి నుంచి వచ్చిన కాయితం



మీ పిల్లలు బడి నుంచి కాయితాలు తెస్తుంటారు. "అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అంటారు. మీరు పెడతారు. ఇదివరకు వేలిముద్ర వేసేవారు. ఇప్పుడు సొంత చేత్తో పేరు రాస్తున్నారు. మంచిదే. కానీ ఆ కాయితంలో ఏముందో చదువుతున్నారా?

ముందుగా మా ఊళ్లో జరిగిన ఒక సంగతి చెబుతాను.

సంతకం పెట్టిన అక్క

నేను టీచరు శిక్షణ పూర్తి చేశాను. పగలు బడిలో వాలంటీరుగా పిల్లలకు పాఠాలు చెబుతాను. రాత్రి ఏడు గంటలకు అక్కలతో కూర్చుంటాను. మా కేంద్రానికి ఒక అక్క వచ్చేది. పగలంతా కలుపు తీతకు పోయేది. నడుం నొప్పి పుట్టినా రాత్రికి పుస్తకం పట్టుకుని వచ్చేది. ఆమె కూతురు అప్పుడు ఎనిమిదో తరగతి. లెక్కల్లో చాలా చురుకు.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. దానికి దరఖాస్తు పెట్టాలి. ఇంటి ఆదాయం ఎంతో తెలిపే కాయితం తేవాలి. ఆ సంగతి రాసి నేనే పిల్లల చేత ఇళ్లకు చీటీ పంపాను. కింద తల్లిదండ్రుల సంతకానికి చోటు పెట్టాను. ఆ పిల్ల మర్నాడే సంతకం చేయించి తెచ్చింది. నా పని అయిపోయింది అనుకున్నాను.

గడువు దాటింది. ఆ పిల్ల ఆదాయం కాయితం తేలేదు. దరఖాస్తు పోలేదు. ఆ రాత్రి అక్కను అడిగాను.

"అక్కా, చీటీ మీద సంతకం పెట్టావు కదా! మరి కాయితం ఎందుకు తేలేదు?"

"సంతకం పెట్టమంటే పెట్టాను టీచరమ్మా. అందులో ఏముందో నాకు ఎవరు చెప్పారు?"

"నీకు చదవడం వచ్చు కదా అక్కా!"

"చదివాను తల్లీ. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. ఆదాయ ధ్రువీకరణ పత్రం అన్న దగ్గర ఆగిపోయాను. అదేమిటో తెలియలేదు. వచ్చి అడుగుదామంటే సిగ్గేసింది. చదువు నేర్చుకుని కూడా అర్థం కాలేదంటే నువ్వేమనుకుంటావో అని."

నాకు నోట మాట రాలేదు. తప్పు అక్కది కాదు. చీటీ రాసింది నేను. ఆఫీసు కాయితంలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు దించేశాను. "మీ ఇంటి ఆదాయం ఎంతో తెలిపే కాయితం శనివారం లోపల పంపండి" అని రాస్తే సరిపోయేది.

ఆ పరీక్ష ఎనిమిదో తరగతిలో మాత్రమే రాయాలి. ఆ పిల్ల రాస్తే గెలిచేదో లేదో చెప్పలేం. కానీ రాసే అవకాశమే పోయింది. గెలిచి ఉంటే ఏడాదికి 12,000 రూపాయలు వచ్చేవి. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లు వచ్చేవి. లెక్క వేయండి. 12,000ను 4తో హెచ్చిస్తే 48,000. ఒక్క చీటీ అర్థం కాక ఆ పరీక్షే చేజారిపోయింది.

ఈ మూడు తరగతులు ఎందుకు ముఖ్యం?

ఐదో తరగతి దాకా బడి మన వీధిలోనే ఉంటుంది. ఒకరో ఇద్దరో టీచర్లు. వాళ్లకు పిల్ల తెలుసు, తల్లి తెలుసు. పిల్ల రాకపోతే "ఏమమ్మా, ఇవాళ పంపలేదే?" అని దారిలోనే అడుగుతారు.

ఆరో తరగతి నుంచి అట్లా ఉండదు. చాలామంది పిల్లలు వేరే బడికి పోవాలి. లెక్కలకు ఒక టీచరు, సైన్సుకు ఇంకొకరు, ఇంగ్లీషుకు మరొకరు. ఏ టీచరుకూ తల్లి ముఖం తెలియదు. పిల్లలు కూడా పెరుగుతారు. బడి కబుర్లు ఇంట్లో చెప్పడం తగ్గిస్తారు. కొందరు దాస్తారు కూడా.

ఆడపిల్ల పెద్దమనిషి అయ్యేదీ ఈ వయసులోనే. "ఇక చాల్లే, మాన్పించు" అనే మాట మొదలయ్యేదీ అప్పుడే. మగపిల్లవాడిని పనికి తీసుకుపోతామని మేస్త్రీలు అడిగేదీ అప్పుడే. అందుకే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో బడికీ ఇంటికీ మాట తెగకూడదు.

చెప్పడం బడి బాధ్యత

"పెద్ద చదువులు చదివిన టీచర్లు. కూలికి పోయేవాళ్లం మేమేం అడుగుతాం?" అని కొందరు అక్కలు అంటారు. అట్లా అనుకోకండి.

2009లో విద్యా హక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉంది. 6 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా ప్రతి బిడ్డకూ ఎనిమిదో తరగతి వరకు ఉచితంగా చదువు చెప్పాలని ఆ చట్టం అంటుంది. టీచర్లు ఏం చేయాలో కూడా అందులో రాసి ఉంది. 24వ సెక్షన్ చూడండి. టీచరు తల్లిదండ్రులతో తరచుగా సమావేశం పెట్టాలి. బిడ్డ రోజూ బడికి వస్తున్నదా? పాఠం పట్టుకోగలుగుతున్నదా? ఎంతవరకు నేర్చుకున్నది? ఇవన్నీ తల్లిదండ్రులకు చెప్పాలి.

అంటే మీరు అడిగితే టీచరు దయతలచి చెప్పే మాట కాదు. అడగకపోయినా చెప్పవలసిన మాట.

బడి పాటించవలసిన నియమాలు

కొన్ని నియమాలు ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి.

1. పుట్టిన తేదీ కాయితం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు.

2. వేరే ప్రభుత్వ బడికి మారితే పాత బడివాళ్లు వెంటనే టి.సి. ఇవ్వాలి. టి.సి. రావడం ఆలస్యమైనా కొత్త బడివాళ్లు బిడ్డను చేర్చుకోవాలి. వలస పోయి వచ్చే అక్కలు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

3. మధ్యలో బడి మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. పన్నెండేళ్ల పిల్లను చిన్న పిల్లల పక్కన కూర్చోబెట్టకూడదు. వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి.

4. పిల్లల్ని కొట్టకూడదు. నలుగురిలో అవమానించకూడదు.

5. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసివేయకూడదు.

ఫెయిల్ సంగతి చాలామంది అడుగుతారు. 2019లో చట్టం మార్చారు. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెడతారు. తప్పిన పిల్లలకు మళ్లీ పాఠాలు చెప్పాలి. రెండు నెలల లోపల ఇంకొకసారి పరీక్ష పెట్టాలి. అప్పుడు కూడా తప్పితే అదే తరగతిలో ఉంచాలా వద్దా అన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆరులో, ఏడులో మాత్రం ఫెయిల్ చేసి ఆపకూడదు. ఎవరైనా "నీ కొడుకు ఫెయిల్, ఇక రావద్దు" అంటే నమ్మకండి.

పిల్లలకు అందే సాయం

ప్రభుత్వ బడిలో చదువుకు ఫీజు లేదు. పాఠ్యపుస్తకాలు, యూనిఫాం బట్టలు ఇస్తారు. మధ్యాహ్నం భోజనం ఉంది. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే బిడ్డకు పూటకు 150 గ్రాముల బియ్యం లెక్క. చిన్న తరగతుల బిడ్డకు 100 గ్రాములు. అంటే పెరిగే వయసుకు తగ్గట్టు ఒకటిన్నర రెట్లు. మీ బిడ్డ ఆకలితో ఇంటికి వస్తుంటే ఎందుకో అడగండి.

చూపు, వినికిడి, నడక, మాట ఇబ్బందిగా ఉన్న పిల్లలు కూడా మామూలు బడిలోనే చదవవచ్చు. వాళ్లకోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఇట్లాంటి ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు ఇచ్చే సాయం కూడా ఉంది.

ఇంట్లో చూసేవాళ్లు లేని ఆడపిల్లలకు, బడి మానేసిన ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. 2004లో ఈ పథకం మొదలైంది. ఆరో తరగతి నుంచి అక్కడే ఉండి చదువుకోవచ్చు. తిండి, బస, చదువు అన్నీ ఉచితం.

ఇక మొదట చెప్పిన స్కాలర్‌షిప్ పరీక్ష. దాని పేరు ఎన్.ఎం.ఎం.ఎస్. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు రాయవచ్చు. ఉచితంగా ఉంచుకుని చదివించే హాస్టల్ బడుల పిల్లలకు ఇది లేదు. ఏడో తరగతిలో నూటికి 55 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 వస్తే చాలు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల రూపాయలు మించకూడదు. డబ్బు బిడ్డ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. తేదీలు ఏటా మారుతాయి. అందుకని ఎనిమిదో తరగతి మొదలైన నెల నుంచే "దరఖాస్తు ఎప్పుడు?" అని అడుగుతూ ఉండండి.

ఫోనులో వచ్చే కబురు

ఇప్పుడు చాలా బడులు కబుర్లు ఫోనులో పంపుతున్నాయి. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటున్నాయి. కానీ ఫోను ఎవరి జేబులో ఉంది? చాలా ఇళ్లలో నాన్న దగ్గర, లేదా పెద్ద కొడుకు దగ్గర. బిడ్డకు అన్నం పెట్టి బడికి పంపే తల్లికి ఆ కబురు చేరదు.

అందుకని బడిలో రెండు మాటలు అడగండి. "కబురు కాయితం మీద కూడా రాసి పంపండి. ఫోనులో అయితే మాటగా చెప్పి పంపండి, విని అర్థం చేసుకుంటాం."

సమావేశం వేళ కూడా మీరు అడగవచ్చు. పగలు పదకొండు గంటలకు పెడితే కూలి పోతుంది. పొద్దుగూకే వేళ పెట్టమని అడగండి. ఒక్కరు అడిగితే వినరేమో. పదిమంది అడిగితే వింటారు.

కమిటీలో మన చోటు

ప్రభుత్వ బడికి ఒక కమిటీ ఉండాలని చట్టం చెబుతుంది. నలుగురిలో ముగ్గురు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కమిటీలో 20 మంది ఉంటే 15 మంది తల్లిదండ్రులు. ఆ 20 మందిలో 10 మంది ఆడవాళ్లు. బడి ఎట్లా నడుస్తున్నదో చూడడం, వచ్చిన డబ్బు ఎట్లా ఖర్చయిందో అడగడం ఈ కమిటీ పని.

తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. వాటిలో మహిళా సంఘాల అక్కలే ముందున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతా ఒకే రోజున బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలు జరిపారు. ఇట్లాంటి రోజున వెళ్లి కూర్చుని రావడం చాలదు. నోరు తెరిచి అడగాలి.

ఏం అడగాలి?

- నా బిడ్డ ఈ నెలలో ఎన్ని రోజులు రాలేదు?
- ఏ పాఠంలో వెనకబడింది? దానికి మీరేం చేస్తారు? ఇంట్లో నేనేం చేయాలి?
- తరగతిలో ఎవరితోనైనా ఇబ్బంది ఉందా?
- ఈ ఏడాది ఏ సాయం రావాలి? ఏ కాయితాలు కావాలి? గడువు ఎప్పుడు?
- ఆడపిల్లలకు మరుగుదొడ్డి, నీళ్లు ఉన్నాయా?

నోటితో అడగలేకపోతే రాసి పంపండి. ఇట్లా రాయవచ్చు:

*హెడ్ మాస్టరు గారికి,*
*నమస్కారం. నా కూతురు ఏడో తరగతి చదువుతున్నది. మీరు పంపిన చీటీ చదివాను. అందులో కొన్ని మాటలు అర్థం కాలేదు. ఏ కాయితం కావాలో, ఎప్పటిలోగా తేవాలో దయచేసి మామూలు మాటల్లో రాసి పంపండి.*
*ఇట్లు,*
*(మీ సంతకం, తేదీ)*

ఇందులో సిగ్గుపడే మాట ఒక్కటీ లేదు.

బిడ్డను కొడుతున్నా, పనిలో పెట్టినా, పసి వయసులో పెళ్లి చేయబోతున్నా 1098కి ఫోను చేయండి. పగలైనా రాత్రైనా చేయవచ్చు. డబ్బు ఖర్చు కాదు.

ఇప్పుడు మా ఊళ్లో

ఆ అక్క కేంద్రం మానలేదు. ఆమె చిన్న కూతురు ఇప్పుడు ఏడో తరగతి. బడి నుంచి ఏ చీటీ వచ్చినా అక్కలంతా రాత్రి కేంద్రానికి తెస్తారు. ఒకరు చదువుతారు. మిగతావాళ్లు వింటారు. అర్థం కాని మాట దగ్గర ఆపుతారు. నేను రాసిన చీటీ అయినా సరే, "ఈ మాట మార్చు టీచరమ్మా" అంటారు. నేను మారుస్తాను.

మొన్న ఆ చిన్న పిల్ల ప్రోగ్రెస్ కార్డు తెచ్చి, "సంతకం పెట్టమ్మా" అంది. అక్క కలం పక్కన పెట్టింది. "ఉండవే, ముందు చదవనీ" అంది.

కొత్త మాటలు

ధ్రువీకరణ పత్రం – ఒక సంగతి నిజమేనని అధికారి రాసి ఇచ్చే కాయితం
దరఖాస్తు – కావలసినది అడుగుతూ రాసి ఇచ్చే కాయితం
గడువు – ఇవ్వవలసిన చివరి రోజు
టి.సి. – బడి మారేటప్పుడు పాత బడి ఇచ్చే కాయితం

మాట్లాడుకోండి

1. మీ బడి నుంచి వచ్చిన చివరి చీటీలో ఏముంది?
2. మీ బడి కమిటీలో ఎంతమంది ఆడవాళ్లున్నారు? వాళ్ల పేర్లు రాయండి.
3. తల్లుల సమావేశం ఏ వేళ పెడితే మీకు వీలు? అందరూ కలిసి హెడ్ మాస్టరు గారికి ఉత్తరం రాయండి.