హస్తవాసి

ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిదని మనవాళ్ళు చెప్పుకోవడం కద్దు. ఎవరిచ్చినా అదే మందు గదా, చేతిలో ఏముంటుందని నేను వాదించేవాణ్ణి. మా అమ్మ చేతిని చూశాక ఆ వాదన మానుకున్నాను.

మూడేళ్ళ క్రిందట మా చెల్లెలి కూతురు ఎక్కిన బస్సు బోల్తా పడింది. పిల్లకు దెబ్బలు పెద్దగా తగలలేదు. కాని నిద్ర కరువైంది. లారీ హారను వినబడితే చాలు, వణికిపోయేది. సెలవులకు మా యింటికి వచ్చి, కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చున్న పిల్లను ఓదారుద్దామని వెనుకగా వెళ్ళి భుజం మీద చేయి వేశాను. కెవ్వున కేకవేసి గోడకు అతుక్కుపోయింది. క్లాసులో ఇరవై ఏళ్ళుగా కరుణరసం పాఠం చెబుతున్నవాణ్ణి, ఆ మాత్రం తెలియకపోయింది!

అమ్మ నన్నేమీ అనలేదు. ఆ రాత్రి పిల్లకు ఎదురుగా కూర్చుని, “చేయి యిటు యిస్తావుటే అమ్మా?” అని అడిగింది. పిల్ల చాలాసేపటికి గాని యివ్వలేదు. యిచ్చాక, మోచేతి నుంచి మణికట్టు దాకా మెల్లగా నిమురుతూ కూర్చుంది. మాటలు లేవు. అరగంటకు పిల్ల కళ్ళు మూతలు పడ్డాయి.

యీ నిమరడంలోని కిటుకు తర్వాత చదివి తెలుసుకున్నాను. స్పర్శను మోసే నరాలన్నీ ఒక్క రకం కావు. ఏది తగిలిందో, ఎక్కడ తగిలిందో క్షణంలో మెదడుకు చేరవేసేవి కొన్ని. సి-టాక్టైల్ అనే సన్నని నరాలు వేరు. వాటిది నత్తనడక, సెకనుకు సుమారు ఒక మీటరు. ముంజేయి వంటి నూగు వున్న చర్మంలో వీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు 1990 తర్వాత వివరంగా పరిశీలించారు. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడే యివి బాగా స్పందిస్తాయి. మనిషికి హాయి అనిపించేదీ ఆ వేగమేనని 2009లో తేలింది. అమ్మ చేతికి ఆ లెక్క ఎవరు చెప్పారో!

2006లో జేమ్స్ కోన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు మరో పరీక్ష ప్రకటించారు. 16 మంది వివాహిత స్త్రీలను ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, చిన్న విద్యుత్ షాకు తగలవచ్చునని భయపెట్టారు. ముక్కూ మొహం తెలియని మనిషి చేయి పట్టుకున్నా మెదడులో అలజడి కొంత తగ్గింది. భర్త పట్టుకుంటే యింకా తగ్గింది. అయితే భర్తలందరి చేతులూ ఒకటి కావు సుమండీ! అన్యోన్యంగా వున్న దంపతుల్లోనే ఆ గుణం బాగా కనిపించింది.

అట్లాగని “స్పర్శ చికిత్స” అని బోర్డు కట్టిన ప్రతివారినీ నమ్మనక్కరలేదు. ఒంటిని తాకకుండానే పైన చేతులాడించి రోగి “శక్తి”ని సవరిస్తామనే పద్ధతి ఒకటి 1970 తర్వాత అమెరికా నర్సుల్లో వ్యాపించింది. ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ళ పిల్ల బడిలో సైన్సు ప్రదర్శన కోసం దాన్ని పరీక్షించింది. చికిత్సకుల చేతులు తెర యివతలికి చాపించి, తన చేయి వాటిలో దేనికి దగ్గరగా వుందో చూడకుండా చెప్పమంది. 21 మంది, 280 సార్లు ప్రయత్నించారు. నూటికి 44 సార్లే సరిగ్గా చెప్పగలిగారు. బొమ్మా బొరుసూ వేసినా అంతకంటే నయం! 1998లో అమెరికా వైద్యసంఘం పత్రికలో ఆ ఫలితం అచ్చయింది.

మేమూ పిల్లను అమ్మ చేతికే వదిలేయలేదు. మానసిక వైద్యుని దగ్గరికి నెలల తరబడి తీసుకువెళ్ళాం. ఆ భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేట్టు చేసింది ఆయనే. మొదటిరోజే నాతో అన్నారు: “అడక్కుండా ముట్టుకోకండి. ముందు మీరు ఆమెకు కనబడాలి.”

మొన్న సంక్రాంతికి పిల్ల అమ్మ పక్కన కూర్చుని బస్సులో వచ్చింది. స్టాండులో దిగాక చూద్దును గదా, అమ్మ అరచేతిలో నాలుగు గోళ్ళ గుర్తులు.

“కాస్త గట్టిగా పట్టుకుందిలే” అన్నది అమ్మ, చేయి కొంగు కింద దాచుకుంటూ.